పరుగెత్తనివారి పరుగు బృందం

మా పట్టణం పరుగెత్తాలని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిన నాటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. అప్పటిదాకా నేను పరుగెత్తిన మనిషిని కాను. ఆరో ఏట నాకు కీళ్ల జ్వరం వచ్చింది. గుండెకు మంచిది కాదు, వీణ్ణి పరుగెత్తనివ్వకండి అని ఆనాటి డాక్టరు మా అమ్మతో అన్నాడు. మా అమ్మ బడికి వచ్చి ఆ మాటే మాష్టారికి చెప్పి వెళ్లింది. ఆటల పీరియడులో మిగతావాళ్లు పరుగెత్తుతుంటే వాళ్ల చెప్పులకు కాపలా కాయడం నా పని. ఆ పని శ్రద్ధగా చేసేవాణ్ణి. ఏడేళ్లలో ఒక్క చెప్పు పోలేదు. పెద్దయ్యాక ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు గది గుమాస్తాగా చేరాను. అక్కడా కాపలాయే. నా పేరు అనంతశయనం. పేరు పెట్టినవాళ్లు ఆలోచించే పెట్టారని మా ఆవిడ హైమ అంటూ ఉంటుంది.

పోయిన ఏడాది వేసవిలో మా ఆఫీసులో అందరికీ వైద్య పరీక్షలు చేశారు. చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ నా కాగితాలన్నీ చూసి, "మీ గుండెకి ఏమీ లేదండి. ఎప్పుడైనా ఏదైనా ఉన్నట్టు కూడా లేదు" అంది.

"అయితే పరుగెత్తొచ్చాండి?" అన్నాను.

"ఎవరొద్దన్నారు?" అని ఆవిడ తర్వాతి మనిషిని పిలిచింది.

వద్దన్న డాక్టరు పోయి చాలా ఏళ్లయింది. మా అమ్మా పోయింది. నలభై మూడేళ్లపాటు నేను ఎవరి మాట వింటున్నానో ఆలోచిస్తూ ఆ సాయంత్రం నెమ్మదిగా ఇంటికి నడిచాను. విషయం చెబితే హైమ, "అయితే పరుగెత్తండి" అని మళ్లీ పోపు వైపు తిరిగింది. ఆ మాట అనడం తేలికే. నలభై తొమ్మిదేళ్లవాడు ఉన్నట్టుండి రోడ్డు మీద పరుగెత్తితే ఎవరింట్లో ఏం జరిగిందని జనం వెంటపడి అడుగుతారు. పైగా ఎలా మొదలుపెట్టాలో నాకు నిజంగా తెలియదు. అందుకని, ఆదివారాల్లో ఉదయం అందరూ కలిసి పరుగెత్తే బృందాలు పెడుతున్నామని, కొత్తవారికి ప్రత్యేక బృందం ఉంటుందని పురపాలక సంఘం ఆటోలో మైకు పెట్టి చాటించినప్పుడు, అది నాకోసమే చాటించినట్టు అనిపించింది.

ఈ పరుగు ఉత్సాహం ఎక్కడిదంటే, మా ఛైర్మన్ గారు ఏదో సదస్సుకని వేరే రాష్ట్రం వెళ్లి, హోటలు కిటికీలోంచి తెల్లవారుజామున జనం పరుగెత్తడం చూశారట. తిరిగి రాగానే పరుగు విభాగం ఏర్పడింది. దానికి ప్రత్యేకాధికారిగా భుజంగరావు గారిని వేశారు. ఆయన అంతకుముందు పద్దెనిమిదేళ్లు వీధి దీపాల విభాగంలో ఉన్నారు. మనిషి నిజాయితీపరుడు. కష్టపడి నలభై పేజీల నియమావళి తయారు చేశారు. అందులో నాలుగో నియమం ఇలా ఉంది: "ప్రారంభక బృందమునందు ప్రారంభకులు మాత్రమే చేరదగుదురు. ప్రారంభకుడనగా ఇంతకుమున్నెన్నడును పరుగెత్తనివాడు." ఏడో నియమం ఇలా ఉంది: "ప్రారంభక బృందమునందు ఇరువది నాలుగు ఆదివారములు హాజరైనవారు మధ్యమ బృందమునకు అర్హులు." రికార్డు గదిలో ఇరవై ఆరేళ్లు పనిచేసినవాణ్ణి. నాకు ఇందులో తప్పేమీ కనబడలేదు. ఇప్పటికీ ఆ రెండు నియమాలూ విడివిడిగా చూస్తే తప్పు కాదనే చెబుతాను.

దరఖాస్తు పెట్టాక విచారణకు పిలిచారు. పురపాలక కార్యాలయం మేడ మీద భుజంగరావు గారు, పక్కన శిక్షకుడు డేనియల్ కూర్చున్నారు. డేనియల్ ఒకప్పుడు జిల్లా తరఫున పరుగెత్తినవాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. అతను నా కాళ్ల వైపు చూశాడు. భుజంగరావు గారు నా ఫారం వైపు చూశారు.

"మీరెన్నడును పరుగెత్తలేదని వ్రాశారు. బస్సు కొరకైనను పరుగెత్తలేదా?"

అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. "ఒక్కసారండి. పెళ్లయిన కొత్తలో. మా అత్తగారి ఊరి బస్సు కదిలిపోతుంటే నాలుగడుగులు వేగంగా వేశాను."

ఆయన కలం కింద పెట్టారు. 

"బస్సు దొరికినదా?"

"లేదండి."

ఆయన చాలాసేపు ఆలోచించి రాసుకున్నారు. రాసిందాన్ని పైకి చదివారు. "అభ్యర్థి చేసిన క్రియ ఫలించనందున దానిని పరుగుగా పరిగణించుటకు వీలులేదు. ప్రయత్నముగా మాత్రమే పరిగణించడమైనది."

"థాంక్సండి" అన్నాను.

"కృతజ్ఞతలు అవసరము లేదు. నియమము అట్లున్నది. ఇద్దరు గజిటెడ్ అధికారుల చేత ధ్రువీకరణ తీసుకొని రండి."

నేను పరుగెత్తలేదని మా ఆఫీసులో ఇద్దరు అధికారులు సంతోషంగా సంతకాలు చేశారు. ఇద్దరిలో ఒకాయన, ఇంత నమ్మకంగా తాను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదన్నారు.

జూలైలో మొదటి ఆదివారం ఉదయం ఆరింటికి పురపాలక మైదానంలో అరవై ముగ్గురం చేరాం. ఛాతీ మీద కట్టుకోవడానికి అందరికీ గుడ్డ బిళ్లలిచ్చారు. వాటి మీద "ప్రారంభకుడు" అనీ, కింద నంబరూ ఉన్నాయి. నాది ముప్ఫై ఒకటి. నా పక్కన ముప్ఫై రెండో నంబరు మంగతాయారు గారు. అరవై ఒక్కేళ్ల మనిషి. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని వచ్చారు. బిళ్ల మీద "ప్రారంభకుడు" అన్న చోట చివరి అక్షరం కొట్టేసి పెన్నుతో "రాలు" అని దిద్దుకున్నారు.

"ముప్ఫై ఆరేళ్లు వార్డుల్లో గబగబా నడిచానండి. రోగులు బెదిరిపోతారని పరుగెత్తనిచ్చేవోరు కాదు. ఇప్పుడు బెదిరేవోళ్లెవరూ లేరు" అన్నారు.

డేనియల్ మా అందరికీ మోకాళ్లు వదులు చేసుకోవడం, చేతులు ఊపడం నేర్పాడు. "ఎవరితోటీ పోటీ లేదండీ. మాట్లాడుకుంటా పరుగెత్తాలి. ఆయాసమొస్తే నడవండి, ఆయాసం తగ్గితే మళ్లీ పరుగెత్తండి. అంతే" అన్నాడు. ఇంత తేలికైన మాటలు నలభై మూడేళ్లుగా నాకు ఎవరూ చెప్పలేదు. 

మైదానం చిన్నది కాబట్టి ముప్ఫై మందిని ముందు వదులుతానన్నాడు. ఈల ఊదాడు. ఒకటి నుంచి ముప్ఫై నంబర్ల వాళ్లు కదిలారు. కొందరు నవ్వుతూ, కొందరు పొట్టలు పట్టుకుని, ఒక బ్యాంకు మేనేజరు కళ్లజోడు చేత్తో పట్టుకుని, ఒక చుట్టు తిరిగొచ్చారు. రెండో జట్టుకు డేనియల్ ఈల నోట్లో పెట్టుకున్నాడు. అంతలో ఛైర్మన్ గారు వచ్చారు. ఆయన ఉపన్యాసం అయ్యేసరికి ఎండ ఎక్కింది. మిగతావాళ్లు వచ్చే ఆదివారం పరుగెత్తుతారని చెప్పి రాగి జావ ఇచ్చి పంపేశారు.

బుధవారం మెమో వచ్చింది. ఒకటి నుంచి ముప్ఫై నంబర్ల వారు పరుగెత్తి ఉన్నందున, వారు "ఇంతకుమున్నెన్నడును పరుగెత్తనివారు" అన్న నిర్వచనములోనికి రారనియు, కావున వారిని ప్రారంభక బృందము నుండి తొలగించడమైనదనియు దాని సారాంశం. ఆ ముప్ఫై మంది మధ్యమ బృందంలో చేర్చుకోమని అడిగారు. విభాగంవారు ఇరవై నాలుగు ఆదివారాల హాజరు చూపించమన్నారు. వాళ్లకున్నది ఒకటే. మిగతా ఇరవై మూడు తెచ్చుకోవడానికి ప్రారంభక బృందంలోకి రానివ్వమన్నారు. పరుగెత్తినవాళ్లు ప్రారంభకులు ఎలా అవుతారని విభాగంవారు అడిగారు.

"మనం బతికిపోయాం మంగతాయారు గారూ" అన్నాను, తర్వాతి ఆదివారం.

"దేన్నించండి?" అన్నారావిడ.

దానికి సమాధానం ఆ రోజే తెలిసింది. భుజంగరావు గారు మైకు అందుకుని, తొలగించబడిన ముప్ఫై మందికి జరిగిన అన్యాయం తన మనసును కలచివేసిందన్నారు. మిగిలిన ముప్ఫై ముగ్గురికి అలాంటి అన్యాయం జరగనివ్వనన్నారు. "ఇకమీదట ప్రారంభకులు ప్రతి ఆదివారము హాజరు కావలెను. పరుగెత్తరాదు. ఇరువది నాలుగు ఆదివారములు ఇట్లు నిష్ఠగా హాజరైన పిమ్మట మధ్యమ బృందమున చేరి, అచ్చట నిర్భయముగా పరుగెత్తవచ్చును."

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇరవై నాలుగు వారాలంటే ఎంత, అనుకున్నాను. నలభై మూడేళ్లు ఆగినవాణ్ణి.

డేనియల్ ఈలను జేబులో పెట్టుకోవడం చూశాను.

అప్పటినుంచి ఆదివారాలు ఒక పద్ధతిలో పడ్డాయి. ఆరింటికి హాజరు. ఆరుంబావుకు మోకాళ్లు వదులు చేసుకోవడం. ఆరున్నరకు "పరుగు వలన ఉపయోగములు" అన్న విషయం మీద ఎవరో ఒక ప్రముఖుడి ప్రసంగం. ఏడుంబావుకు గీత మీద నిలబడి, ఒక కాలు ముందుకు పెట్టి, ముందుకు వంగి, అలాగే రెండు నిమిషాలు ఉండాలి. ఆపైన రాగి జావ. ఇంత సన్నద్ధంగా ఉన్న జనాన్ని తాను ఎక్కడా చూడలేదని ఒక ప్రముఖుడు అన్నాడు.

అయిదో వారం చిక్కొకటి వచ్చింది. గీత మీద వంగి ఉన్న నలభై ఎనిమిదో నంబరు సుబ్బారాయుడు అనే కిరాణా వ్యాపారి ఉన్నట్టుండి ఎగిరాడు. కాలిని గండుచీమ కుట్టింది. భుజంగరావు గారు అప్పటికే పరుగుకు నిర్వచనం ఖాయం చేసి ఉన్నారు: "పరుగనగా, ఏదేని ఒక క్షణమున రెండు పాదములును భూమిని విడిచియుండుట." పాదాలు చూడటానికి ఇద్దరు ఉద్యోగులను కూడా వేశారు. వాళ్లు నేల మీద బోర్లా పడుకుని చూసేవారు. రెండు పాదాలూ లేచాయని ఇద్దరూ రాశారు. సుబ్బారాయుణ్ణి విచారణకు పిలిచారు. సాక్షిగా నన్నూ పిలిచారు.

"ఇతడు ముందునకు పోయినాడా, పైకి పోయినాడా?" అని భుజంగరావు గారు నన్ను అడిగారు.

"పైకేనండి. దిగింది కూడా అదే చోట."

"అట్లయిన ఇది గంతు. పరుగు కాదు. మందలించి విడిచిపెట్టడమైనది." సుబ్బారాయుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "అయిదు వారాలు పోయేయ్యనుకున్నానండి బాబూ" అన్నాడు.

ఆ తర్వాత మిగతా రోజుల సంగతి ఏమిటన్న ప్రశ్న వచ్చింది. ఆదివారం పరుగెత్తకుండా ఉండి, మంగళవారం పరుగెత్తేస్తే ప్రయోజనం ఏముంది. కాబట్టి ప్రతి వారం ఇంట్లోవాళ్ల చేత వాంగ్మూలం రాయించి తెమ్మన్నారు. హైమ శనివారం రాత్రి భోజనాలయ్యాక బల్ల దగ్గర కూర్చుని రాసేది: "నా భర్త శ్రీ అనంతశయనం ఈ వారం పరుగెత్తలేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను."

మొదట్లో నవ్వుకుంటూ రాసింది. పదకొండో వారమో పన్నెండో వారమో పెన్ను పట్టుకుని నా వైపు చూసింది.

"మీకు నిజంగా పరుగెత్తాలనుందా, లేకపోతే ఆ జావ బావుందా?"

"ఇంకో పన్నెండు వారాలే హైమా."

"నేనడిగింది వారాల గురించి కాదు" అని సంతకం పెట్టి లేచిపోయింది.

నేను ఆఫీసుకు కాలవ గట్టు మీదుగా సైకిలు మీద వెళతాను. ఆ రోజుల్లోనే పొద్దున్న కాస్త ముందుగా బయల్దేరడం అలవాటు చేసుకున్నాను. తొలగించబడిన ముప్ఫై మంది గట్టు మీద పరుగెత్తుతూ కనబడేవారు. వాళ్లకు బిళ్లలు లేవు. హాజరు లేదు. డేనియల్ రోజూ వచ్చి వాళ్లతోపాటు పరుగెత్తేవాడు. కళ్లజోడు చేత్తో పట్టుకున్న బ్యాంకు మేనేజరు ఇప్పుడు దాన్ని తాడుతో మెడకు కట్టుకున్నాడు. మొదట్లో ఒక తూము దాకా పరుగెత్తి ఆగేవాళ్లు, తర్వాత లాకుల దాకా వెళ్లడం మొదలుపెట్టారు. మాట్లాడుకుంటూ, ఎవరో అన్న మాటకు నవ్వుకుంటూ నా సైకిలు పక్కనుంచి వెళ్లిపోయేవారు. వాళ్ల ఊపిరి చప్పుడు కాసేపు వినబడేది. నేను సైకిలు దిగి నిలబడేవాణ్ణి. చెయిను ఊడిందా అని ఒకరిద్దరు అడిగారు. అవునన్నాను. అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదని ఇందాక అన్నాను గానీ, ఆ చెయిను నాలుగు నెలలపాటు రోజూ ఊడింది.

ఈలోగా మా బృందం పెరిగింది. వారం వారం కొత్తవాళ్లు చేరేవారు. వెళ్లిపోయేవాళ్లు లేరు. డిసెంబరు నాటికి మేము నాలుగు వందల పన్నెండు మందిమి. ఈ అంకె పైకి వెళ్లింది. ఇంతమంది ప్రారంభకులున్న పట్టణం మరొకటి లేదని పై నుంచి జవాబు వచ్చింది. దాన్ని పెద్ద అక్షరాలతో రాయించి పురపాలక కార్యాలయం గుమ్మానికి కట్టారు. ఇరవై మూడో ఆదివారం రాజధాని నుంచి పరిశీలన బృందం వస్తోందని, దానికి ఒక ఉన్నతాధికారిణి నాయకత్వం వహిస్తారని చెప్పారు. వాళ్లు పరుగు చూస్తారట.

ఆ మాట మీద భుజంగరావు గారు మూడు రోజులు నిద్రపోలేదని విన్నాను. నాలుగో రోజు పరిష్కారం కనిపెట్టారు. దాన్ని "ప్రాతినిధ్య పరుగు" అన్నారు. కాలవ గట్టు మీది ముప్ఫై మందిని ఆ ఒక్క పూటకు రప్పిస్తారు. మా బిళ్లలు వాళ్లు కట్టుకుంటారు. మా పక్షాన వాళ్లు పరుగెత్తుతారు. మేము గీత మీద వంగి నిలబడి ఉంటాం. మా ప్రారంభకత్వానికి భంగం కలగదు.

ముప్ఫై మందిలో ఒక్కరూ రాలేదు. ఆదివారం పొద్దున్న తమకు పరుగుందని కబురు పంపారు.

ఆ ఉదయం మంచు కురుస్తోంది. మైదానం చుట్టూ రంగు కాగితాలు కట్టారు. నాలుగు వందల పన్నెండు మందిమి ఆరు వరుసల్లో నిలబడ్డాం. ఉన్నతాధికారిణి యాభై ఏళ్ల మనిషి, శాలువా కప్పుకుని జీపు దిగారు. భుజంగరావు గారు నివేదిక చదువుతుంటే ఆవిడ సగం విని మా వరుస దగ్గరికి వచ్చారు. నా ముందు ఆగారు.

"ఎన్ని వారాల నుంచి వస్తున్నారు?"

"ఇరవై మూడండి. ఒక్కటి కూడా మానలేదు."

"మంచిది. ఇప్పుడు ఎంత దూరం పరుగెత్తగలరు?"

నేను భుజంగరావు గారి వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూస్తున్నారు.

"తెలీదండి. ఇంకా పరుగెత్తలేదు. వచ్చే వారంతో అర్హత వస్తుందండి."

"వచ్చే వారం ఏమవుతుంది?"

"మధ్యమ బృందంలోకి వెళతానండి."

"అక్కడెంతమంది ఉన్నారు?"

"ఎవరూ లేరండి. ఇంకా ఎవరూ అర్హులు కాలేదు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. నేనేదో వేళాకోళం ఆడుతున్నానని అనుకున్నారేమో. నా ముఖంలో అలాంటిదేమీ కనబడి ఉండదు. అప్పుడు ఆవిడ అందరికీ వినబడేలా, "నేను పరుగు చూడ్డానికి వచ్చాను. పరుగెత్తండి" అన్నారు.

భుజంగరావు గారు ముందుకొచ్చి, "అమ్మా, ఇది మౌఖిక ఆదేశము. లిఖితపూర్వకముగా దయచేయించినచో..." అన్నారు. నివేదికను గుండెకు అదుముకున్నారు. ఆయన భయపడుతున్నది తన ఉద్యోగం గురించి కాదని అప్పుడే అనిపించింది. ఆయన నా వైపు తిరిగి, మొదటిసారి మామూలు తెలుగులో, చిన్న గొంతుతో అన్నారు. "అనంతశయనం గారూ, ఒక్క వారం. ఇరవై మూడు వారాలు పోతాయండి."

నిజమే. పోతాయి. నేను లెక్కల్లో ఖచ్చితమైన మనిషిని. ఇరవై మూడు వారాల హాజరు, హైమ వారం వారం రాసిన కాగితాలు, ఇద్దరు గజిటెడ్ అధికారుల సంతకాలు. ఒక కాలు ముందుకు పెట్టి, వంగి, అలాగే ఉండిపోయాను. రెండు నిమిషాలు అలా ఉండటం నాకు బాగా వచ్చు.

"నాకు అరవై ఒకటండి" అని పక్కనుంచి మంగతాయారు గారు అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు. అని, కుచ్చిళ్లు ఇంకాస్త పైకి దోపుకుని, వెళ్లిపోయారు.

తెల్ల బూట్లు మంచులోకి పోతున్నాయి. పాదాలు చూసే ఉద్యోగులిద్దరూ బోర్లా పడుకునే తల తిప్పి చూశారు. నా కాలు నాకు తెలియకుండా లేచిందని చెబితే బావుంటుంది గానీ, అలా కాదు. నాకు తెలిసే లేచింది. మొదటి అడుగు గట్టిగా పడి దవడ అదిరింది. రెండోది కూడా అంతే. నాలుగో అయిదో అడుగుకి ఏదో కుదిరింది. చల్లగాలి చొక్కాలోకి దూరింది. ఛాతీలో గుండె కొట్టుకోవడం వినబడింది. అంత చప్పుడు చేయగలదని నాకు తెలియదు. ఆరేళ్లప్పటి నుంచి దాన్ని గాజు సామానులా మోసుకొచ్చాను. అది హాయిగా, గట్టిగా కొట్టుకుంటోంది.

మంగతాయారు గారిని మలుపు దగ్గర అందుకున్నాను.

"మాట్లాడుకుంటా పరుగెత్తాలన్నాడు కదండీ డేనియలు" అన్నారావిడ, రొప్పుతూ.

"ఏం మాట్లాడమంటారు?"

"ఏదోటి. ఇంట్లో ఏం కూర?"

"తెలీదండి. వంకాయ అనుకుంటా."

వెనక పెద్ద చప్పుడైతే తిరిగి చూశాను. సుబ్బారాయుడు ముందు, వెనక మిగతా నాలుగు వందల మంది. ఆరు వరుసలూ కలిసిపోయాయి. రంగు కాగితాలు తెగి జనం మెడల్లో పడ్డాయి. డేనియల్ మైదానం మధ్యలో నిలబడి, జేబులోంచి ఈల తీసి, ఊదడం మరిచిపోయి అలాగే చేత్తో పట్టుకున్నాడు. ఇంటికెళ్లి చెబితే హైమ కూర దించి నా ముఖం కేసి చూసి మంచినీళ్లిచ్చింది. నిజంగానే వంకాయ.

ఉదయం ఏడుంబావుకు మా పట్టణంలో ప్రారంభకుల సంఖ్య నాలుగు వందల పన్నెండు. ఏడున్నరకు సున్నా. భుజంగరావు గారు నిజాయితీపరుడు కాబట్టి నివేదికలో అదే రాశారు. తనను సస్పెండ్ చేస్తారని అందరితో చెప్పి, బల్ల సొరుగులు కూడా ఖాళీ చేసి పెట్టుకున్నారట. పదిహేను రోజులకు పై నుంచి ఉత్తరం వచ్చింది. ఇతర పట్టణాలు ఎన్నో ఏళ్లుగా కృషి చేస్తున్నా ప్రారంభకుల సంఖ్య తగ్గించలేకపోతుండగా, మా పట్టణం కేవలం పదిహేను నిమిషాలలో ప్రారంభకులను సమూలంగా నిర్మూలించినందుకు ప్రత్యేకాధికారిని అభినందించారు. లక్ష్యం నెరవేరినందువల్ల పరుగు విభాగాన్ని మూసివేయమన్నారు. భుజంగరావు గారికి శాలువా కప్పి, పూలదండ వేసి, మళ్లీ వీధి దీపాలకు పంపారు.

మేము ఏ బృందానికీ చెందనివాళ్లమయ్యాం. నాలుగు వందల మందిలో సగానికి పైగా మానేశారు. జావ ఉండదని తెలిశాక ఇంకొందరు మానేశారు. మిగిలినవాళ్లం కాలవ గట్టు మీద ఆ ముప్ఫై మందితో కలిశాం. నేను తూము దాకా పరుగెత్తి, లాకుల దాకా నడుస్తాను. మంగతాయారు గారు లాకుల దాకా పరుగెత్తి, అక్కడ నాకోసం కూర్చుని, ఎంతసేపని అడుగుతారు.

ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారాక, తిరిగి వస్తూ నేనూ మంగతాయారు గారూ తూము దగ్గర కూర్చుని ఊపిరి తీసుకుంటున్నాం. గట్టు మీద ఒక మనిషి వస్తూ కనబడ్డాడు. ఇస్త్రీ ప్యాంటు, టక్ చేసిన చొక్కా, కొత్త బూట్లు. దగ్గరికి వచ్చాక చూస్తే భుజంగరావు గారు. మేం లేచి నిలబడ్డాం. అలవాటు.

ఆయన గట్టు మీది దీపం స్తంభాన్ని కింద నుంచి పైదాకా పరిశీలించారు. "ఈ దీపము సరిగా వెలుగుట లేదని ఫిర్యాదు వచ్చినది" అన్నారు.

"తెల్లారాక ఎలా తెలుస్తుందండి?" అని మంగతాయారు గారు అడిగారు.

ఆయన తన కొత్త బూట్ల వైపు చూసుకున్నారు. లేసులు రెండు ముళ్లు వేసి ఉన్నాయి. 

"నేను..." అని ఆగారు. "నాకు యాభై ఏడండి. నేను ఆ నియమాలన్నీ రాశాను గానీ..." మళ్లీ ఆగారు. "ముందు ఏ కాలు వేస్తారండి?"

మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నిజానికి నేనెప్పుడూ గమనించలేదు. మంగతాయారు గారు ముప్ఫై ఆరేళ్లు రోగుల్ని మంచం మీంచి లేపిన మనిషి. వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకున్నారు.

"రండి" అన్నారు.